ఆరుని రెండుసార్లు అడిగితే

పిల్లతల్లికి భాగహారం రాదు. ఆరో తరగతి సగంలో బడి మాన్పించే నాటికి ఆమెకి కూడికలొచ్చు, తీసివేతలొచ్చు, పదహారో ఎక్కం దాకా నోటికొచ్చు. భాగహారం దగ్గరికొచ్చేసరికి మాత్రం అంకెలు మెట్లు దిగినట్టు కిందికి కిందికి పోతుంటే, ఏదో ఒక మెట్టు మీద ఆమె కాలు జారి మళ్లీ మొదటికొచ్చేది. అందుకే టీచరు చెప్పిన అడ్డదారుల్ని మాత్రం భద్రంగా దాచుకుంది. ఎంత పెద్ద అంకె చూపించినా అది రెండుతో పోతుందా, మూడుతో పోతుందా, ఆరుతో పోతుందా అన్నది చిటికెలో చెప్పేది. ఎన్నిసార్లు పోతుంది అని ఎవరైనా అడిగితే మాత్రం పిల్ల ముక్కు తుడవడంలో మునిగిపోయేది.

ప్రెస్సులో చేరి ఆమెకి ఇంకా వారం తిరగలేదు. చంకలో పిల్లనేసుకుని వచ్చింది కాబట్టి మొదటిరోజే పిల్లతల్లి అన్న పేరు పడింది. పిల్లకి పడిన పేరు ఉడుత. రెండేళ్లు నిండిన ఆ మనిషి, కనబడిన ప్రతిదాన్నీ ముందు బుగ్గలో పెట్టుకుని తర్వాత ఆలోచిస్తుంది.

పిల్లని పనిలోకి తెచ్చుకోక తప్పదు. పిల్ల నాన్న బేకరీలో రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోతాడు. ఆయన నిద్రలో పిల్లని కనిపెట్టుకుని ఉండమంటే, పిల్లే ఆయన్ని కనిపెట్టుకుని ఉంటుంది. అలా ఒకరోజు కనిపెట్టుకున్నందుకు ఆయన కనుబొమ్మల నిండా షూ పాలిష్ ఉంది. ఇక వేరే ఇంట్లో వదలడమంటే పిల్లతల్లికి గుండె దడ. నీళ్ల బకెట్టు గుర్తొస్తుంది, మేడమెట్లు గుర్తొస్తాయి, లోకంలో ఉన్న ప్రతి బటనూ గుర్తొస్తుంది.

ప్రెస్సు ఓనరమ్మ కళ్లజోడు ముక్కు చివరికి దించి, ఉడుతని పైనుంచి కిందిదాకా చూసి, ఒకే ఒక్క షరతు పెట్టింది.

"చూడమ్మా, నాకు పిల్లలంటే పడకపోవడం కాదు. కానీ ఈ పాప వల్ల నెంబరు పడ్డ కాగితం ఒక్కటి పాడైనా, మర్నాటి నుంచి నువ్వొక్కదానివే రావాలి."

ఒక్కదాన్నే రమ్మంటే రావద్దనడమే. పిల్లతల్లి తలూపింది. ఊపిన దగ్గర్నుంచి ఆమె ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను బల్ల కింద.

ఆరోజు పని జెయింట్ వీల్ టికెట్లు. ప్రదర్శన మైదానంలో వీల్ తిప్పే ఆయన్ని అందరూ చక్రంగారంటారు. మామూలు టికెట్లయితే వందేసి ఒక కట్ట. చక్రంగారి వీల్‌లో ఉన్నవి పద్దెనిమిది తొట్లు, తొట్టికి ఇద్దరు, వెరసి ముప్పై ఆరుగురు. ఆయనకి రౌండుకి ఒక కట్ట కావాలి. కట్ట అయిపోయిందంటే వీల్ నిండిందని గేటు దగ్గర మనిషికి తెలిసిపోతుంది, తలలు లెక్కపెట్టే పని ఉండదు. అంతవరకు బాగానే ఉంది. నెంబర్లు మాత్రం పోయినేడాది ఆగిన చోటి నుంచే మొదలవ్వాలట. అలా మొదటి టికెట్టు నెంబరు 432001 అయింది.

మెషిన్ దగ్గర బాబాయి. నెంబరింగ్ మెషిన్‌ని ఆయన కన్నకూతురికంటే ఎక్కువగా చూసుకుంటాడని గదిలో అందరూ అంటారు. కూతురికి ఆయన రోజూ నూనె పెట్టలేదు మరి. మెషిన్లోంచి టికెట్లు ఆరేసి ఒక పట్టీగా వస్తాయి, మధ్యలో చింపుకోవడానికి చిల్లుల గీతలు. పట్టీల అంచులు కోసే కత్తెర మెషిన్ దగ్గర పెద్దక్క. కోసిన పట్టీలు ఆరు తీసి, సమంగా తట్టి, అంచుకి బంక రాసి, అట్ట అంటిస్తే ఒక కట్ట. ఇది పిల్లతల్లి పని. ముప్పై కట్టలు ఒక దొంతర, మొత్తం పది దొంతరలు. గోడవారగా వరసలో పెట్టాలి.

మొదటి దొంతర సగంలో ఉండగానే పిల్లతల్లికి బెంగ పట్టుకుంది. పట్టీలు ఒకదానికొకటి అంటుకుని ఏడు వెళ్లిపోతే? ఐదే వెళితే? ముప్పై ఆరుతో పోతుందో లేదో చూడ్డానికి టీచరు అడ్డదారి ఏదీ చెప్పినట్టు గుర్తు లేదు. ఆలోచించగా ఆలోచించగా ఆరారులు ముప్పై ఆరు అని తట్టింది. ఆరుతో పోతుందేమో రెండుసార్లు చూస్తే సరి. కట్టలో చివరి నెంబరు సరిసంఖ్య అవ్వాలి, అంకెలన్నీ కూడితే మూడుతో పోవాలి. అలా ఒకసారి చూసేది, మళ్లీ మొదటినుంచి ఇంకోసారి చూసేది, అప్పుడే దొంతర మీద పెట్టేది. ప్రతి కట్టా పాసయింది. పిల్లతల్లికి కడుపు నిండినంత హాయిగా ఉంది.

ఆ హాయి పదో దొంతర చివరి కట్ట దాకా నిలిచింది. ఆ కట్టకి మిగిలినవి ఐదు పట్టీలే.

ముందు బల్ల మీద చూసింది, తర్వాత బల్ల కింద. బంక డబ్బా ఎత్తి చూసింది. తన ఒళ్లు తడుముకుంది. బాబాయి మెషిన్ చివరి నెంబరు 442800 దగ్గర ఆగి ఉంది. ఆయన అన్నీ కొట్టాడు, పెద్దక్క అన్నీ కోసింది. ఆరు టికెట్ల పట్టీ ఒకటి దారిలో ఎక్కడో దిగిపోయింది. నెంబరు పడ్డ కాగితం కనబడకుండా పోవడమంటే ప్రెస్సులో మనిషి తప్పిపోయినంత గొడవ. అది ఎవరి చేతుల్లో పడినా, ఆరుగురు ఉచితంగా గాల్లో తిరిగొస్తారు, మాట ప్రెస్సుకొస్తుంది.

బాబాయి, పెద్దక్క దగ్గరికొచ్చారు. పిల్లతల్లి మిగిలిన ఐదు పట్టీలు వాళ్ల ముందు పరిచింది. తను ప్రతి కట్టా చూసే పెట్టానని, ఒకసారి కాదు రెండుసార్లు చూశానని, ఆరుతో పోకపోతే దొంతర ఎక్కనివ్వలేదని చెప్పింది. బాబాయి చెవి ఒగ్గి అంతా విన్నాడు. మెషిన్ మోతకి ఆయన చెవులు సగం పోయాయి కానీ అంకెలు మాత్రం పూర్తిగా వినబడతాయి. విని, మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఒకే సాక్షిని రెండుసార్లు పిలిస్తే ఇద్దరు సాక్షులవుతారా అమ్మాయ్? మొదటిసారి ఏం చెప్పాడో రెండోసారీ అదే చెబుతాడు."

పైగా ఆ సాక్షి అసలు ఏమీ చూడని సాక్షి, అని కూడా వివరించాడు. పట్టీకి ఉన్నవే ఆరు టికెట్లు. ఏ పట్టీ తీసుకున్నా దాని చివరి నెంబరు ఆరుతో పోయి తీరుతుంది. ఒక పట్టీ పోయినా, బుట్టెడు పట్టీలు పోయినా, ఆరు తనకేమీ తెలియనట్టు కూర్చుంటుంది.

పిల్లతల్లి ముఖం చూసి పెద్దక్క ఆయన్ని కసిరింది. నవ్వడం ఆపి దారి చెప్పమంది.

ముప్పై ఆరుని విడగొట్టేటప్పుడు చుట్టరికం చూసుకోవాలట. ఆరు, ఆరు అంటే మనిషీ అద్దంలో మనిషీ. మూడు, పన్నెండు అంటే కూడా లాభం లేదు, పన్నెండింట్లో మూడు ఎప్పట్నుంచో కాపురం ఉంటోంది. నాలుగు, తొమ్మిది మాత్రం ఏనాడూ ఒకరి గడప ఒకరు తొక్కినవాళ్లు కారు. ఆ ఇద్దరూ విడివిడిగా సరే అన్నారంటే ముప్పై ఆరు సరే అన్నట్టే.

తొమ్మిది సంగతి పిల్లతల్లికి తెలిసిందే, అంకెలన్నీ కూడితే వచ్చింది తొమ్మిదితో పోవాలి. పదిలోంచి తొమ్మిది తీసేస్తే ఒకటి మిగులుతుంది, వందలోంచి తొంభై తొమ్మిది తీసేసినా ఒకటే మిగులుతుంది, అందుకే ఏ అంకె ఏ స్థానంలో కూర్చున్నా దాని పేరునే కూడుకుంటే సరిపోతుందని బాబాయి అన్నప్పుడు మాత్రం ఆమె ఒక్క క్షణం పట్టీ సంగతే మర్చిపోయింది. ఇన్నేళ్లూ అది టీచరు మంత్రమనే అనుకుంది. నాలుగుకి చివరి రెండంకెలు చూస్తే చాలు. వందలన్నీ నాలుగుతో ఎలాగూ పోతాయి, వాటిని పలకరించక్కర్లేదు.

పెద్దక్క గడియారం చూసింది. చక్రంగారి వ్యాను వచ్చే వేళయింది. ఓనరమ్మ ఆఫీసుకి తాళం వేసుకుని బయటికెళ్లింది. కాలిక్యులేటరు అందులోనే ఉంది. నెంబర్ల పని జరిగే రోజున అందరి ఫోన్లూ ఆఫీసు సొరుగులో పెట్టాలన్నది నియమం కాబట్టి అవీ అందులోనే ఉన్నాయి. మూడువందల కట్టలు విప్పి చూసే వ్యవధి ఎలాగూ లేదు.

అప్పుడు పిల్లతల్లికి తోచింది. అన్నీ ఎందుకు చూడాలి? పట్టీ పోక ముందు కట్టిన కట్టలన్నీ సరిగ్గానే ఉంటాయి. పోయిన తర్వాతవన్నీ ఆరేసి నెంబర్లు ముందుకి జరిగి ఉంటాయి. మధ్యలో ఒకదాన్ని చూస్తే, పోయింది అటా ఇటా అన్నది తెలిసిపోతుంది.

అయిదో దొంతర పై కట్ట తీసింది. కట్టినవి కట్టినట్టు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోయింది కాబట్టి ప్రతి దొంతరలోనూ ఆఖరుది పైనే ఉంటుంది. చివరి నెంబరు 437400. సున్నా సున్నా, నాలుగుకి పేచీ లేదు. నాలుగూ మూడూ ఏడు, ఏడూ ఏడూ పద్నాలుగు, నాలుగు కలిపితే పద్దెనిమిది. తొమ్మిది కూడా ఒప్పుకుంది. అంటే సగం పని క్షేమం.

ఎనిమిదో దొంతర పైన 440646. కూడితే ఇరవై నాలుగు. తొమ్మిది తల అడ్డంగా ఊపింది. నలభై ఆరు చూసి నాలుగు కూడా ఊపింది. ఆరుని అడిగితే ఇప్పటికీ భేషుగ్గా ఉందనే చెప్పేది, ఆమె అడగలేదు. ఏడో దొంతర పైన 439560, అరవై, ఇరవై ఏడు, ఇద్దరూ సరే అన్నారు. అయితే దొంగ ఎనిమిదో దొంతరలోనే ఉన్నాడు.

పెద్దక్కకి ఆట రుచి తగిలింది. ఆమె కట్టలు తీసి చూపిస్తోంది, బాబాయి నెంబరు గట్టిగా చదువుతున్నాడు, పిల్లతల్లి తీర్పు చెబుతోంది. సగానికి చూశారు, సరే. ఇంకొంచెం పైకి, కాదు. కాస్త కిందికి. 440208 సరే. దాని పక్కనే 440250. చివరి యాభైకి నాలుగు ఒప్పుకోదు, కూడితే పదిహేను. విప్పి చూస్తే ఆ కట్టలో 440220 తర్వాత ఏకంగా 440227 ఉంది. మొత్తం చూసినవి ఒక చేతి వేళ్లు, ఇంకో చేతి వేళ్లు కొన్ని. బాబాయి కుర్రాడిలా చప్పట్లు కొట్టాడు.

పిల్లతల్లి కొట్టలేదు. ఆమెకి ఆ కట్ట ఎప్పుడు కట్టిందో గుర్తొచ్చింది.

ఏడో దొంతర భోజనాల గంటకి అయింది. ఎనిమిదోది తిన్న తర్వాత మొదలెట్టింది. అప్పటిదాకా మూలనున్న అట్టపెట్టెలో నిద్రపోయిన ఉడుత, సరిగ్గా ఆ వేళకే లేచింది. లేచి, ఏడవలేదు. ఎత్తుకోమనలేదు. ఏదీ కింద పడేసిన చప్పుడు కూడా రాలేదు. ఎంత బుద్ధిగా ఉందో తల్లీ అని పిల్లతల్లి మనసులో మురిసిపోయింది కూడా. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొచ్చి చేతిలోని కట్ట బల్ల మీద పడేసింది. ఉడుత అల్లరి చేస్తోందంటే ఏ నష్టమూ జరగట్లేదని అర్థం. చప్పుడు లేదంటేనే పనిలో ఉందని అర్థం.

పరుగున వెళ్లి చూసింది. ఉడుత మళ్లీ అట్టపెట్టెలో పడి నిద్రపోతోంది, పని ముగించుకున్న మనిషిలా. తల్లి వేలు పెట్టి రెండు బుగ్గలూ వెతికింది. ఒక బుగ్గలో నానిన బిస్కెట్టు ముక్క, రెండో బుగ్గ ఖాళీ. అరచేతులు చూసింది, గౌను జేబు చూసింది. పొట్ట మీద చెవి పెట్టింది. కాగితం చప్పుడు వినబడుతుందనుకుందో ఏమో. ఆరు టికెట్లు మింగితే ఏమవుతుంది? సిరా విషమా? డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్లాలా?

పెద్దక్క చెయ్యి పట్టుకుని ఆపింది. అరటిపండు తినడానికే గంట తీసుకునే పిల్ల, ఆరు టికెట్లు చప్పుడు లేకుండా మింగదని చెప్పింది. అది కొంచెం ధైర్యం. కొంచెమే.

బాబాయి చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. తగ్గించానని ఆయన అనుకున్నాడు, వీధిలోకి కూడా వినబడింది.

"మెషిన్ ఒక పట్టీ నెంబర్లు ఎగరేసిందని చెప్పేయ్. నన్నడిగితే తలూపుతా."

పిల్లతల్లి తలెత్తి ఆయన్ని చూసింది. మెషిన్ మీద చిన్న మాట కూడా పడనివ్వని మనిషి. ఎవరికోసం, వారం కూడా తెలియని ఒక పిల్లకోసం. చెప్పేస్తే ఎవరికీ తెలియదు కూడా. మెషిన్ ఎగరేసిన నెంబర్లు లోకంలో లేనివి, వాటికోసం ఎవరూ వెతకరు. కానీ ఆ ఆరు టికెట్లు లోకంలో ఉన్నాయి. రేపో ఎల్లుండో ఏ మూలనుంచో బయటికొస్తే అప్పుడు అబద్ధం బాబాయి మెడకి చుట్టుకుంటుంది. ఆలోచిస్తుండగానే బయట వ్యాను ఆగింది, ఓనరమ్మ ఆఫీసు వైపు తలుపులోంచి లోపలికొచ్చింది.

పిల్లతల్లి లేచి నిలబడింది. చెప్పాలనుకున్న మాటలన్నీ వరసలో పెట్టుకుంది, నోరు తెరవగానే వరస చెదిరింది.

"ఎనిమిదో దొంతరలో ఒక పట్టీ పోయిందమ్మా. నలభై నాలుగు వేల... కాదు, నాలుగు లక్షల నలభై వేల రెండు వందల ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా. మెషిన్ తప్పు కాదు. అప్పుడు మా పిల్ల మేలుకుని ఉంది."

ఓనరమ్మ కళ్లజోడు ముక్కు చివరికి దించింది. ఏమనబోయిందో ఎవరికీ తెలియలేదు. ఆ క్షణాన గుమ్మం బయట ఎవరో పెద్దగా నవ్వారు.

బైండింగు గదిలోకి దుమ్ము రాకూడదని అందరూ చెప్పులు బయటే విడుస్తారు. చక్రంగారు కూడా విడవబోతూ వంగి, అలాగే ఉండిపోయారు. వెళ్లి చూస్తే గుమ్మం పక్కన మూడు జతలు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి, బాబాయివి, పెద్దక్కవి, పిల్లతల్లివి. ఒక్కో చెప్పులో ఒక్కో టికెట్టు పడుకోబెట్టి ఉంది. ఆరు చెప్పులు, ఆరు టికెట్లు. ఏ చెప్పుకీ రెండు లేవు, ఏ చెప్పూ టికెట్టు లేకుండా లేదు. అన్నీ రౌండుకి సిద్ధంగా కూర్చున్నట్టున్నాయి.

పెద్దక్క మొదట నవ్వింది. బాబాయి నవ్వు మెషిన్ మోతలా మొదలై ఆగలేదు. పిల్లతల్లికి నవ్వాలో ఏడవాలో తెలియక ఓనరమ్మ ముఖం వంకే చూస్తోంది. ఆ ముఖంలో ఇంకా ఏమీ కదల్లేదు.

చక్రంగారు ఒక్కో టికెట్టూ తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశారు. పోయినేడాది వేరే చోట కొట్టించిన టికెట్లు గేటు దగ్గర సగానికి చినిగేవట, జనం సగం ముక్క పట్టుకుని దెబ్బలాడేవారట. ఈ ఆరూ చిల్లుల గీత మీదే, దారం పట్టి కోసినట్టు విడిపోయాయి.

"మా గేటు మనిషి చేతికి కూడా ఇంత నేరుగా రాదండీ. ఎవరు చింపారు?"

పెద్దక్క అట్టపెట్టె వైపు చూపించింది. ఉడుత అప్పుడే లేచి కళ్లు నులుముకుంటోంది.

ఓనరమ్మ టికెట్లు తీసుకుంది. ముందు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి చూసి, నెంబర్లు సరిచూసి, అంచులు గోటితో తడిమింది. తడి లేదు, మడత లేదు, పంటి గాటు లేదు. నేను పెట్టిన షరతు కాగితం పాడైతే కదా, అని ఎవరితోనూ కాకుండా అంది. పాడైంది ఏదీ తనకి కనబడటం లేదంది. రేపటి నుంచి పెద్దక్క కోసిపారేసే తెల్ల అంచులు ఒక బుట్టలో వేసి పాప దగ్గర పెట్టమని, నెంబరు ఉన్నవి మాత్రం బల్లకి ఇవతలి వైపు పెట్టుకోమని పిల్లతల్లికి చెప్పింది. రేపటి నుంచి అన్న మాట పిల్లతల్లి చెవిలో చాలాసేపు ఉండిపోయింది. పెద్దక్క వెనకనుంచి పొడిచి, తలూపమ్మా అనేదాకా తలూపడం మర్చిపోయింది.

విడి టికెట్లు ఆఖరి కట్టలో పెడతామని ఓనరమ్మ అంటే చక్రంగారు వద్దన్నారు. ఆఖరి రౌండుకి సీట్లు ఎప్పుడూ మిగిలే ఉంటాయి, ముప్పై చాలు. టికెట్లు కొట్టినవాళ్లకే ఇచ్చేస్తానని ఆ ఆరూ తీసి పిల్లతల్లి చేతిలో పెట్టారు. అందరూ కలిసి వచ్చి ఎక్కమన్నారు.

బాబాయి అప్పుడే వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు. తను, పెద్దక్క, ఓనరమ్మగారు, పిల్లతల్లి, పిల్ల నాన్న, ఉడుత. సరిగ్గా ఆరు, ఒక్కటీ మిగల్లేదు, భాగహారమే అక్కర్లేదని పెద్దక్కకి చెబుతున్నాడు. ఉడుత వచ్చి తల్లి కాలు పట్టుకుని, తన టికెట్లు తనకిమ్మని చెయ్యి చాపింది.

పిల్లతల్లి టికెట్లు గట్టిగా పట్టుకుంది. గుండె మీది బరువు దిగింది. దిగీ దిగకముందే ఇంకోటి ఎక్కింది. వ్యాన్లోకి కట్టలు ఎక్కిస్తున్న చక్రంగారి వెనకే గుమ్మం దాకా వెళ్లి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"అయ్యగారూ, ఆ తొట్టి ఎంత ఎత్తుకెళుతుందండీ? తలుపుకి గడియ లోపలుంటుందా, బయటుంటుందా?"